కూతకొచ్చినవాడి నడుము

కబడ్డీని లెక్కల మాస్టారు చూస్తే ఇదెక్కడి న్యాయమని అడుగుతారు. ఒక్కడి మీదకి ఏడుగురు. వచ్చినవాడు అవతలి జట్టు గడ్డ మీద ఒంటరి. కూత ఆపకూడదు, ముప్పై సెకన్లు దాటకూడదు, బాక్ లైను దాటకుండా ఊరికే వెనక్కి పోకూడదు. ఎదురుగా పద్నాలుగు చేతులు కాచుకుని ఉంటాయి. అయినా సరే, విజయవాడ చుట్టుపక్కల ఏ కాలేజీ మైదానం గట్టు మీదైనా ఒక సాయంత్రం కూర్చుని చూడండి. ఎక్కువసార్లు ఆ ఒక్కడే నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు. ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

పేరూ డబ్బూ కూడా కూతకే. ప్రొ కబడ్డీ వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2022లో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు, 2023లో తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది అతని కూత చూసే. ‘ఒక్కడు’ సినిమా చూసి కబడ్డీ మీద మోజుపడ్డ తరంలో ఎడమ మూల కాచే లెఫ్ట్ కార్నర్ అవుదామనుకున్న కుర్రాడు ఉన్నాడో లేడో! ఈ అధ్యాయం మాత్రం కూతది కాదు, పట్టుది. వేగంగా కదిలేవాడిని, ఎటు తిరుగుతాడో తెలియనివాడిని, అతనికంటే నెమ్మదైన మనుషులు ఎలా ఆపగలుగుతారు? ఈ ప్రశ్నకు జవాబు సగం భౌతికశాస్త్రంలో ఉంది, సగం మన నరాల్లో ఉంది.

ముందు కోర్టు కొలతలు చూద్దాం. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్య గీత సగానికి కోస్తే ఒక జట్టుకి దక్కేది ఆరున్నర మీటర్ల లోతు. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైను, ఇంకో మీటరు లోపలికి బోనస్ లైను ఉంటాయి. బోనస్ లైను నుంచి చివరి గీతకి మిగిలేది 1.75 మీటర్లే. రెండు పక్కలా మీటరు చొప్పున లాబీలున్నా, ఒకరినొకరు తాకేదాకా అవి లేనట్టే లెక్క. అంతకుముందే రైడర్, అంటే కూతకొచ్చినవాడు, లాబీలో కాలు పెడితే ఔట్. కాబట్టి అసలు వేట జరిగే చోటు 8 మీటర్ల వెడల్పు, ఆరున్నర మీటర్ల లోతు, వెరసి 52 చదరపు మీటర్లు. ఏడుగురు పంచుకుంటే తలకి ఏడున్నర చదరపు మీటర్లు కూడా రాదు.

అంత ఇరుకులో ఒక మనిషిని పట్టుకోలేకపోవడమేమిటి? చిక్కు చోటుతో కాదు, కాలంతో వచ్చింది. తన చెయ్యి ఎప్పుడు లేస్తుందో రైడర్‌కి ముందే తెలుసు. డిఫెండర్‌కి అది లేచాకే తెలుస్తుంది. దీపం వెలగగానే మీట నొక్కమంటే ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి 0.2 సెకను దాకా పడుతుంది. కంటి వెనక పొర మీద పడ్డ వెలుతురు నరాల సంకేతంగా మారాలి, అది మెదడు వెనక భాగానికి చేరాలి, అక్కడి నుంచి ఆజ్ఞ వెన్నుపాము గుండా దిగాలి, అప్పుడు గానీ కండరం బిగుసుకోదు. ఎంత సాధన చేసినా ఈ ప్రయాణం పెద్దగా తగ్గదు. ఒలింపిక్ పరుగువీరుడూ ఇక్కడ మనలాంటివాడే.

పైగా అది ఒకే దీపం, ఒకే మీట ఉన్నప్పటి మాట. దీపాలూ మీటలూ ఎక్కువైతే? బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం ఎడ్మండ్ హిక్ 1952లో ఈ లెక్క తేల్చాడు. ఎంపికలు రెట్టింపైన ప్రతిసారీ స్పందించే సమయం ఒకే మేర పెరుగుతుంది. రెండు నుంచి నాలుగైతే ఎంత పెరుగుతుందో, నాలుగు నుంచి ఎనిమిదైతే మళ్ళీ అంతే పెరుగుతుంది. మంచి రైడర్ మీ ముందు నిలబడ్డాడంటే కుడిచేతి తాకు, ఎడమచేతి తాకు, టో టచ్, సైడ్ కిక్, బ్యాక్ కిక్, బోనస్, వెనుతిరిగి పరుగు అన్నీ అతని దగ్గర సిద్ధంగా ఉన్నట్టే. వాటిలో ఏది వస్తుందో తేల్చుకునే లోపే అతని వేలు మీ భుజం మీద ఉంటుంది.

ఇక మోసం సంగతి. రైడర్ కుడిచెయ్యి ఆడించి ఎడమకాలు చాస్తాడు. చెయ్యి చూసి డిఫెండర్ కదలడం మొదలుపెట్టాడా, ఆ కదలిక పూర్తయ్యేదాకా మెదడు రెండో సంకేతాన్ని వరసలో నిలబెడుతుంది. టెల్ఫర్డ్ అనే పరిశోధకుడు 1931లోనే దీన్ని ప్రయోగంతో చూపించాడు. రెండు సంకేతాలు మరీ దగ్గర దగ్గరగా వస్తే రెండోదానికి జవాబు ఆలస్యమవుతుంది. పల్లెటూళ్ళో సంక్రాంతికి చెడుగుడు ఆడే కుర్రాడు టెల్ఫర్డ్ పేరు విని ఉండడు, కానీ ఆ సందులోంచే ఏళ్ళ తరబడి పాయింట్లు తీసుకుంటున్నాడు.

అంటే చూసి, తెలుసుకుని, స్పందించే పద్ధతిలో డిఫెండర్ ఎప్పుడూ ఓడిపోయేవాడే. అతనికి మిగిలినవి రెండు దారులు. రైడర్ ఏం చేయబోతున్నాడో అబద్ధం ఆడలేని గుర్తులోంచి ముందే చదవాలి. లేదా రైడర్ ఎంపికలనే తగ్గించెయ్యాలి. మొదటిది కంటి పని, రెండోది జట్టు నిలబడే తీరుతో అయ్యే పని.

కంటి పని ఎంత కష్టమో ఒక ప్రాక్టీసులో దగ్గరగా చూశాను. గన్నవరం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ, అంతర కళాశాలల పోటీకి ముందు రోజులు. లెఫ్ట్ కార్నర్‌లో పొట్టిగా, దిట్టంగా ఉన్న కుర్రాడు. మోకాళ్ళు వంచి, కుడికాలు కాస్త ముందుకు పెట్టి, చేతులు తొడల మీద ఆనించుకుని ఉన్నాడు. సీనియర్ రైడర్ అతని వైపు రెండడుగులు వేసి ఉత్తుత్తినే చెయ్యి విసిరాడు. కుర్రాడు ఎగిరి వెనక్కి పడ్డాడు. చివరి గీత అవతల మడమ ఆనింది. ఎవరూ తాకకుండానే ఔట్.

పీడీ సార్ విజిల్ నోట్లోంచి తీసి, “ఒరే, చేతులెందుకు చూస్తావ్? నడుం చూడు, నడుం!” అన్నారు.

“చూస్తూనే ఉన్నాను సార్.”

“చూస్తే ఎందుకెగిరావ్? నడుం కదిలిందా?”

కుర్రాడు ఆలోచించి, “లేదు సార్” అన్నాడు.

తర్వాతి కూతలో రైడర్ మళ్ళీ చెయ్యి విసిరాడు. కుర్రాడి భుజం ఉలిక్కిపడింది కానీ పాదాలు కదల్లేదు. రెండోసారి విసిరాడు. ఈసారి భుజమూ కదల్లేదు. మూడోసారి చెయ్యి ఆడించలేదు, నడుము ఒక్క జానెడు కిందికి దిగి పక్కకి ఒరిగింది. ఆ వెంటే కుడికాలు కార్నర్ పాదం వైపు చాచుకుంటూ వచ్చింది. అది నేల తాకక ముందే కుర్రాడు రెండు చేతులతో చీలమండ అందుకుని తన పొట్టకేసి లాక్కున్నాడు. రైడర్ ఒంటికాలి మీద రెండు గెంతులు గెంతి కూలబడ్డాడు. పీడీ సార్ ఏమీ అనలేదు, రిజిస్టరులో ఏదో రాసుకున్నారు.

నడుము ఎందుకు అబద్ధం చెప్పలేదు? మనిషి బరువు మొత్తం ఒక్క బిందువు దగ్గర ఉన్నట్టు ఊహించుకుంటే, నిలబడ్డ మనిషిలో ఆ బిందువు బొడ్డుకి కొంచెం కింద, కటి ప్రాంతంలో ఉంటుంది. దాన్ని గరిమనాభి అంటారు. చెయ్యి విసరడానికి సొంత కండరాలు చాలు. తల తిప్పడానికీ, భుజం ఒంచడానికీ అంతే. గరిమనాభిని పక్కకి జరపాలంటే మాత్రం బయటి నుంచి బలం కావాలి. న్యూటన్ నియమం రైడర్ని కూడా వదలదు. ఆ బయటి బలం ఇచ్చేది నేల ఒక్కటే, పాదం నేలని ఒకవైపు తన్నితే నేల శరీరాన్ని రెండో వైపు నెడుతుంది. ఒకసారి ఆ తోపు మొదలయ్యాక మళ్ళీ పాదం ఆనేదాకా దిశ మార్చుకునే వీలు లేదు. అందుకే చెయ్యి మాట ఇచ్చి తప్పగలదు గానీ నడుము తప్పలేదు.

రగ్బీలో ఇదే విషయాన్ని సెబాస్టియన్ బ్రో బృందం పరీక్షించి 2012లో ప్రచురించింది. పక్కకి తప్పుకునే ఆటగాళ్ళ కదలికలను కంప్యూటర్లోకి ఎక్కించి, అనుభవజ్ఞులైన ఆటగాళ్ళకూ కొత్తవాళ్ళకూ చూపించి, ఎటు వెళ్తాడో చెప్పమన్నారు. కొత్తవాళ్ళు భుజాల, తల కదలికలకు ఇట్టే మోసపోయారు. అనుభవజ్ఞులు గరిమనాభి కదలికకు ఎక్కువ విలువిచ్చారు, ఇంకొంచెం ఆగి మరీ నిర్ణయించుకున్నారు. ఆగడమే అనుభవం అన్నమాట. పీడీ సార్ ఆ పత్రం చదివి ఉంటారని నేననుకోను. చదవాల్సిన పనీ లేదు.

రైడర్‌కి వేగం ఉందంటాం గదా, ఆ వేగమే అతనికి గుదిబండ అయ్యే చోటొకటుంది. కబడ్డీలో ముందుకు వెళ్ళడంతో పని అయిపోదు, తిరిగి రావాలి. వెనుతిరగాలంటే వేగం ఒక క్షణం సున్నా కావాలి, లేదా వంపు తిరుగుతూ పరిగెత్తాలి. సున్నా అయిన క్షణంలో అందరిలోకీ వేగవంతుడూ నిలబడ్డ మనిషే. వంపు సంగతి చూస్తే, తిరుగుడుకి కావలసిన బలం పాదానికీ నేలకీ మధ్య ఉన్న ఘర్షణ నుంచి రావాలి. ఆ ఘర్షణకి హద్దుంది కాబట్టి వంపు వ్యాసార్ధానికీ హద్దుంది, అది వేగం వర్గంతో పెరుగుతుంది. మ్యాట్ మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుని లెక్కేస్తే, సెకనుకి 3 మీటర్ల వేగంతో వెళ్తున్నవాడు 1.15 మీటర్ల వ్యాసార్ధంలో తిరగగలడు. సెకనుకి 5 మీటర్లైతే 3.2 మీటర్లు కావాలి. అంటే అర్ధవృత్తం తిరగడానికి అటు నుంచి ఇటు 6.4 మీటర్లు. ఎనిమిది మీటర్ల వెడల్పులో అది అతికష్టం మీద పడుతుంది. ఒక్క డిఫెండర్ ఆ వంపు దారిలో రెండడుగులు ముందుకొచ్చి నిలబడ్డాడా, రైడర్ వేగం తగ్గించుకోక తప్పదు. ఎవరూ తాకకుండానే అతని వేగాన్ని తీసేసుకున్నట్టే.

బోనస్ పాయింటు ఇంకా విచిత్రం. కోర్టులో ఆరుగురు గానీ ఏడుగురు గానీ డిఫెండర్లు ఉన్నప్పుడే అది దొరుకుతుంది. ముందు కాలు బోనస్ లైను అవతల పెట్టాలి, ఆ క్షణంలో వెనక కాలు గాలిలో ఉండాలి. నియమం రాసినవాళ్ళు ఉద్దేశించారో లేదో గానీ, వాళ్ళు రైడర్‌ని మధ్య గీతకి 4.75 మీటర్ల దూరాన ఒంటికాలి మీద నిలబెట్టారు. మనిషి పడకుండా ఉండాలంటే గరిమనాభి పాదాల మధ్య ఉన్న మేర మీదే ఉండాలి. ఒంటికాలి మీద ఆ మేర పాదమంతే. కార్నర్‌కి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

కార్నర్‌కి యాంకిల్ హోల్డ్ అలవాటు కావడానికీ కారణం ఇదే. చాచిన కాలు చివర చీలమండ ఉంటుంది, నడుముకి దాదాపు మీటరు దూరం. అంత దూరం నుంచి లాగితే తిప్పే బలం ఎక్కువ, పట్టుకోవడానికి సన్నటి ఎముక అందుతుంది. అదే కాలు శరీరం కిందే ఉన్నప్పుడు చీలమండకి వంగితే రైడర్ మీదుగా దూకేస్తాడు. అప్పుడు తొడ పట్టు సరైనది. నడుముని వెనక నుంచి రెండు చేతులతో చుట్టడం బలమైనవాడి పట్టు, కానీ ఆలస్యమైతే అతను మనల్నీ మోసుకుంటూ గీత అందుకుంటాడు. 85 కిలోల లోపువాళ్ళే ఆడాలన్నది సీనియర్ పురుషుల నియమం. 80 కిలోల మనిషి సెకనుకి 4 మీటర్ల వేగంలో ఉంటే అతన్ని అర సెకనులో ఆపడానికి సగటున 640 న్యూటన్ల బలం కావాలి. అది 65 కిలోల బరువుని ఎత్తి పట్టుకున్నంత. ఒక్కడి చేతులకి అది భారమే, ఇద్దరైతే పంచుకోవచ్చు.

ఇక్కడే చైన్ వస్తుంది. కార్నర్, పక్కనున్న ఇన్, ఆ పక్కనున్న కవర్, వీళ్ళలో ఇద్దరు చేతులు పట్టుకుని నిలబడితే వాళ్ళ మధ్య సందు మూసుకుపోతుంది. రైడర్ ముందున్న ఏడెనిమిది దారుల్లో రెండో మూడో అక్కడే చచ్చిపోతాయి. హిక్ లెక్క ప్రకారం మిగతా డిఫెండర్ల స్పందన అంతమేరా త్వరగా వస్తుంది. కోర్టులో చోటు మూసినప్పుడల్లా గడియారంలో కాలం సంపాదించుకుంటున్నారన్న మాట. కబడ్డీ పట్టు అంతా ఈ ఒక్క మారకం మీదే నడుస్తుంది.

చైన్‌తో ఇంకో లాభం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. పక్కవాడు కదలడం కంటితో చూసి నేను కదిలితే మళ్ళీ 0.2 సెకను ఖర్చు. స్పర్శకి స్పందించే సమయం చూపుకి స్పందించే సమయం కంటే కాస్త తక్కువ. చేతులు కలిపి ఉంటే జోడీ మణికట్టులో బిగువు మారగానే నాకు తెలిసిపోతుంది, కళ్ళు రైడర్ నడుము మీదే ఉండొచ్చు. మంచి జోడీ ఒకరినొకరు చూసుకోరు.

చైన్‌కి విరుగుడూ ఉంది. పట్నా పైరేట్స్‌కి ఆడిన రైడర్ పర్‌దీప్ నర్వాల్ ‘డుబ్కీ’ని గుర్తుచేసుకోండి. చేతుల గొలుసు నడుము ఎత్తులో ఉంటుంది గనక, అతను గరిమనాభిని ఒక్కసారిగా కిందికి దించి, గొలుసు కింద నుంచి దూరి, ఆ దూకుడుతోనే మధ్య గీత వైపు లేచేవాడు. 2017 సీజన్లో అతను 369 రైడ్ పాయింట్లు సాధించాడు, ఒకే మ్యాచ్‌లో 34 కూడా తెచ్చాడు. అతని ముందు చైన్ కట్టినవాళ్ళు వెర్రివాళ్ళు కారు. వాళ్ళు ముందుదారి మూశారు గానీ కిందిదారి మరిచారు. చేతులు మోకాళ్ళ దాకా దించి, వెనక నుంచి కార్నర్‌ని తోడు తెచ్చుకున్న జట్లకి ఆ డుబ్కీ తేలిగ్గా చిక్కిందని కాదు, కనీసం దానికి వెల పెరిగింది.

ఈ చిక్కు కబడ్డీకే పరిమితం కాదు. మన పిల్లలు పెద్ద సంఖ్యలో చదువుకోవడానికి వెళ్ళే టెక్సాస్‌లో శనివారం వస్తే కాలేజీ ఫుట్‌బాలే లోకం. అది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే, విసిరే ఆట. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు బంతి విసురుతాడు, రిసీవర్లు పరిగెత్తి అందుకుంటారు. క్వార్టర్‌బ్యాక్ విసరడమే కాకుండా తానే బంతితో పరిగెత్తగలిగితే డిఫెన్స్‌కి నిద్ర పట్టదు. రిసీవర్ల వెంట అందరూ వెళ్తే అతను పరిగెత్తుతాడు, అతని మీదకి అందరూ వెళ్తే రిసీవర్ ఖాళీగా ఉంటాడు. లూయీవిల్ విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ 2016లో అలాంటి ఆటతోనే, కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. అదే ఏడాది నవంబర్ 17న హ్యూస్టన్ విశ్వవిద్యాలయం అతన్ని బంతి చేతిలో ఉండగానే 11 సార్లు నేలకూల్చి, 36–10తో గెలిచింది.

అలాంటివాడిని ఆపడానికి అక్కడి కోచ్‌లు చెప్పే సూత్రాలు వింటే గన్నవరం మైదానం గుర్తొస్తుంది. మీదపడేవాళ్ళు ఎవరి దారిలో వాళ్ళే రావాలి, క్వార్టర్‌బ్యాక్‌ని దాటి వెనక్కి పోకూడదు, పోతే వాళ్ళు వదిలిన సందులోంచే అతను పారిపోతాడు. అంచుల్లో ఉన్నవాళ్ళు అతన్ని బయటికి పోనివ్వకుండా లోపలికి, గుంపున్న వైపు తోలాలి. ఒకడు ఏ పనీ పెట్టుకోకుండా అతన్ని మాత్రమే కాచుకుని ఉండాలి. వేగమైన రిసీవర్‌కి ఎదురునిలిచేవాడు కొన్ని గజాలు వెనక్కి నిలబడి, ఆ దూరాన్ని కాలంగా వాడుకోవాలి. చూడాల్సింది కళ్ళూ భుజాలూ కాదు, నడుము. కాకపోతే వాళ్ళ మైదానం వెడల్పు 160 అడుగులు, దాదాపు 49 మీటర్లు. మన 8 మీటర్లతో పోలిస్తే అదో పొలం. అక్కడ ఒక్క అడుగు తప్పటడుగు పడితే దాని వెల పదుల గజాలు. మన దగ్గర వెనక్కి రావాల్సిన బాధ్యత రైడర్ మీద ఉండబట్టి డిఫెన్స్‌కి కొంత ఊపిరి.

ఆ ఊపిరిని వాడుకునేది కవర్. రైడర్ వెనుతిరిగి మధ్య గీత వైపు దూకినప్పుడు కవర్ అతని వెంటపడితే అందడు. అతను ఇప్పుడున్న చోటికి కాదు, ఉండబోయే చోటికి వెళ్ళాలి. దీనికి మెదడులో త్రికోణమితి అక్కర్లేదు. బందరు రోడ్డు మీద స్కూటర్ నడిపేవాళ్ళందరికీ ఇది అనుభవమే: పక్కసందులోంచి వస్తున్న ఆటో మీరు ముందుకు సాగుతున్నకొద్దీ వెనక్కి జరుగుతున్నట్టు కనిపిస్తే భయం లేదు, ముందుకు జరుగుతున్నా భయం లేదు. మీ కంటికి అదే కోణంలో నిలిచిపోయి పెద్దదవుతూ ఉంటేనే గుద్దుకోబోతున్నారని అర్థం. ఓడ నడిపేవాళ్ళు ఢీకొనకుండా ఉండటానికి ఈ గుర్తు వాడతారు. ఢీకొనాలనుకునేవాడు తిరగేసి వాడుకుంటే సరి. రైడర్‌ని ఒకే కోణంలో ఉంచుకుంటూ పరిగెత్తిన కవర్ కచ్చితంగా అతన్ని చేరుకుంటాడు.

ఈ విద్యలో మనకి గురువులు కృష్ణా డెల్టా వరి చేల మీదే తిరుగుతుంటాయి. తూనీగ ఎగిరే దోమని వెనక తరిమి పట్టదు, ఎదురుకోణంలో అడ్డం పడి కింద నుంచి కాళ్ళతో అందుకుంటుంది. వెంటాడిన వేటల్లో నూటికి తొంభైకి పైగా అది గెలుస్తుందని పరిశోధకులు నమోదు చేశారు. పులికీ సింహానికీ అంత పేరు లేదు. తూనీగ కేవలం కనిపించినదానికి స్పందించడమే కాకుండా, తన కదలికల వల్ల ఎర ఎటు జరిగినట్టు కనిపిస్తుందో ముందే అంచనా కట్టి తల తిప్పుతుందని 2015లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. గోధుమగింజంత మెదడు కూడా లేని పురుగు! మన కవర్ కుర్రాళ్ళు సిగ్గుపడనక్కర్లేదు గానీ కాస్త ఆశపడొచ్చు.

కవర్ పట్టుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది డ్యాష్. పట్టుకోవడం ఉండదు, భుజంతో ఒక్క తోపు తోసి లాబీ అవతలికి పంపించడమే. నిలబడ్డ 75 కిలోల రైడర్‌ని సెకనుకి 3 మీటర్ల వేగంతో వచ్చిన 75 కిలోల డిఫెండర్ గుద్ది అంటుకుపోతే ఇద్దరూ సెకనుకి ఒకటిన్నర మీటర్ల వేగంతో జరుగుతారు. రైడర్ రెండు పాదాలూ గట్టిగా ఆనించి ఉంటే ఘర్షణ అతన్ని కాపాడుతుంది. ఒక పాదం గాలిలో ఉన్నప్పుడు, అదీ అంచుకి దగ్గరలో ఉన్నప్పుడు, తోపు పడితే కాపాడేవాడు లేడు. డ్యాష్ బలంతో కంటే సమయంతో గెలిచేది అందుకే. ఆవేశపడే కుర్రాళ్ళు డ్యాష్‌లో తామే బయటికి పోవడం మామూలు.

డిఫెన్స్‌నే ఆయుధం చేసుకుని పెద్ద జట్టుని కూల్చిన ఉదాహరణ కావాలంటే ఇరాన్ ఉంది. 1990లో బీజింగ్‌లో కబడ్డీ ఆసియా క్రీడల్లోకి వచ్చినప్పటి నుంచి పురుషుల స్వర్ణం ప్రతిసారీ మనదే అవుతూ వచ్చింది. 2018లో జకార్తా సెమీఫైనల్లో ఇరాన్ 27–18తో మనల్ని ఓడించి, ఆ స్వర్ణాన్ని ఎత్తుకెళ్ళింది. కుస్తీ రక్తంలో ఉన్న దేశం అది. పట్టు దొరికాక ఎక్కడ బరువు వెయ్యాలో వాళ్ళకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఫజల్ అత్రాచలి ఆ నేల నుంచి వచ్చిన లెఫ్ట్ కార్నరే. ప్రొ కబడ్డీలో అత్యధిక టాకిల్ పాయింట్లు తెచ్చినవాళ్ళలో అతను ముందువరసలో ఉంటాడు. అతని ఆట చూస్తే తెలిసేదేమిటంటే, ముప్పై సెకన్లలో ఇరవై ఎనిమిది సెకన్లు అతను దాదాపు ఏమీ చెయ్యడు. 2023లో హాంగ్జౌలో మనం ఇరాన్ మీద 33–29తో గెలిచి స్వర్ణం తిరిగి తెచ్చుకున్నాం. కాకపోతే పట్టుని తేలిగ్గా తీసుకోకూడదన్న పాఠం ఆ మధ్య ఐదేళ్ళు మనల్ని కుట్టింది.

ఇక నేల సంగతి. డెల్టా పల్లెల్లో కబడ్డీ నేర్చుకునేది మట్టి మీద. నల్లరేగడి ఎండితే బీటలిస్తుంది, తడిస్తే కాలికి అంటుకుంటుంది. అందుకని ఇసుకో ఎర్రమట్టో తెచ్చి పోసి, చదును చేసి, నీళ్ళు చల్లి కోర్టు గీస్తారు. పైన దుమ్ము పొర ఉంటుంది గనక పాదం కొంచెం జారుతుంది. ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే, సెకనుకి 5 మీటర్ల వేగంలో వంపు తిరగడానికి 5 మీటర్లకు పైగా వ్యాసార్ధం కావాలి. కోర్టు చాలదు. కాబట్టి మట్టి మీద రైడర్ నెమ్మదిగానే ఉంటాడు. మ్యాట్ వచ్చాక అదే రైడర్ పదునుగా మలుపు తిరుగుతున్నాడు, డిఫెండర్‌కి కాలం తగ్గింది. మోకాళ్ళకీ ముప్పు పెరిగింది, పాదం నేలకి అతుక్కుపోయి పై శరీరం తిరిగితే ఆ మెలిక మోకాలి లోపలి స్నాయువు భరించాలి. మట్టి మీద ఏడాదంతా ఆడి, పోటీ రోజున మ్యాట్ ఎక్కే కుర్రాడికి తన పాదమే పరాయిదిగా ఉంటుంది. పట్టుకి సిద్ధమైన కార్నర్‌కి ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే అతని లెక్కంతా రైడర్ ఎంత దూరంలో ఆగగలడన్న అంచనా మీదే ఉంటుంది.

ఇవన్నీ ఒకచోటికి తెస్తే కాలేజీ జట్ల బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది. విజయవాడ డిగ్రీ కాలేజీలు చాలావరకు కృష్ణా విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. కాలేజీల మధ్య పోటీ జరుగుతుంది, అందులో మెరిసినవాళ్ళని ఏరి విశ్వవిద్యాలయం జట్టు కడతారు, కొద్ది రోజుల శిబిరం పెడతారు, సౌత్ జోన్ పోటీకి పంపుతారు. రైడర్‌కి ఇది సరిపోతుంది. అతని విద్య అతని ఒంట్లోనే ఉంది, ఏ జట్టులో వేసినా తీసుకెళ్తాడు. లెఫ్ట్ కార్నర్ ఒక ఊరి నుంచి, అతని పక్కన కవర్ ఇంకో ఊరి నుంచి వస్తే, ఇద్దరి మధ్య ఆ 0.2 సెకను మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఒకడు పట్టుకి దిగితే రెండోవాడు చూసి దిగుతాడు, చూసి దిగేసరికి రైడర్ గీత మీద పడి ఉంటాడు. ఏళ్ళ తరబడి పక్కపక్కనే నిలబడ్డ జోడీ ఒకే గుర్తుకి ఒకేసారి కదులుతుంది. దాన్ని వారం రోజుల శిబిరం నేర్పలేదు.

అందుకే పీడీలకూ సెలెక్టర్లకూ ఒక విన్నపం. రైడర్లని విడివిడిగా ఏరుకోండి, అభ్యంతరం లేదు. కార్నర్‌నీ కవర్‌నీ మాత్రం జోడీగా ఏరండి. ఇద్దరూ ఒకే కాలేజీవాళ్ళైతే ఒకే కాలేజీ నుంచే తీసుకోండి, మా కాలేజీకి అన్యాయం జరిగిందని పక్కవాళ్ళు గోల చేస్తే చెయ్యనివ్వండి. విడిగా చూస్తే ఆ ఇద్దరిలో ఒకడు రెండో శ్రేణి ఆటగాడే కావచ్చు. అయినా అతన్నే తీసుకోండి.